క్లోరిన్ కాదు, వరస తప్పింది

ఎండలు ముదిరి కుళాయి నీళ్లకి బ్లీచింగ్ వాసన మొదలవగానే వాట్సాప్‌లో ఆ మెసేజీ మళ్లీ తిరుగుతుంది. "క్లోరిన్ కలిపిన నీళ్లు తాగితే క్యాన్సర్, పదిమందికీ పంపండి." దాని వెనకే వాటర్ ప్యూరిఫయర్ అమ్మే కుర్రాడు గుమ్మంలోకొస్తాడు. గ్లాసుడు కుళాయి నీళ్లు పట్టి, చిన్న సీసాలోంచి రెండు చుక్కలు వేస్తాడు. నీళ్లు పసుపు రంగులోకి తిరుగుతాయి. "చూశారా మేడమ్, మీరు తాగుతున్నది ఇదీ" అంటాడు. ఆ చుక్కలు ఆర్థోటాలిడిన్. పసుపు వచ్చిందంటే నీళ్లలో క్లోరిన్ ఉందని మాత్రమే అర్థం. ప్లాంటులో వేసిన క్లోరిన్ అన్ని కిలోమీటర్ల పైపులు దాటి ఆ ఇంటి దాకా ఇంకా కాస్త మిగిలి వచ్చిందన్నమాట. రంగు రాకపోతేనే కంగారు పడాలి.

ఇంతవరకూ చెప్పి నవ్వేసి ఊరుకోవచ్చు. చిక్కేమిటంటే ఆ మెసేజీ పూర్తి అబద్ధం కాదు. క్లోరిన్ నీళ్లలో ఉన్న సేంద్రియ పదార్థంతో కలిసి కొత్త రసాయనాలను పుట్టిస్తుంది, వాటిలో కొన్ని మంచివి కావు. ఇది యాభై ఏళ్లుగా తెలిసిన సంగతే. దీన్ని వినగానే "అదంతా పుకారు, క్లోరిన్ వల్ల ఏమీ కాదు" అని కొట్టిపారేసే ఇంజనీర్లున్నారు. "అయితే క్లోరిన్ తగ్గించండి" అనే పర్యావరణ మిత్రులున్నారు. నాకు ఇద్దరి మాటా రుచించదు. ఈ కొత్త రసాయనాలు, అంటే ఉప ఉత్పన్నాలు, నిజం. వాటికి మందు క్లోరిన్ తగ్గించడమంటే మాత్రం ఒప్పుకోను. క్లోరిన్ కంటే ముందు జరగాల్సిన పని, అంటే ఆ సేంద్రియ పదార్థాన్ని తీసేయడం, జరక్కపోవడం అసలు రోగం. మన మంచినీళ్ల చెరువుల దగ్గర, మే నెలలో, ఆ రోగం దాచినా దాగదు.

ఆకుల కషాయంలో క్లోరిన్

చెరువులో రాలిన ఆకులు, గడ్డి, గుర్రపుడెక్క, నాచు కుళ్లి నీళ్లలో కరిగితే అది ఒక పలచని కషాయం. కంటికి కనపడదు, మురికిలా కిందకి దిగదు, మామూలు ఇసుక ఫిల్టర్‌లో ఆగదు. క్లోరిన్‌కి ఇది సూక్ష్మజీవి, ఇది ఆకు రసం అనే తేడా తెలీదు. దొరికిన ప్రతిదాన్నీ ఆక్సీకరిస్తుంది. ఆ క్రమంలో క్లోరోఫాం, దాని బంధువులైన మరో మూడు ట్రైహాలోమీథేన్లు, హాలోఅసిటిక్ ఆమ్లాలు, ఇంకా వందల కొద్దీ చిల్లర సమ్మేళనాలు తయారవుతాయి. ఇప్పటిదాకా గుర్తించినవే ఏడొందలు దాటాయి.

1974లో రోటర్‌డామ్ నీటి సంస్థలో పనిచేసే యోహానెస్ రూక్ ఈ ముడి విప్పాడు. క్లోరోఫాం కనపడగానే ఏ ఫ్యాక్టరీ వదిలిందో అని నది ఎగువకి వేలు చూపించడం సులువు. శుద్ధి చేసే చోటే, నీళ్లకున్న సహజమైన రంగుకి క్లోరిన్ తగిలి అది పుడుతోందని రూక్ తేల్చాడు. అదే ఏడాది అమెరికాలోనూ అదే తేలింది. 1979లో అమెరికా నాలుగు ట్రైహాలోమీథేన్ల మొత్తానికి లీటరుకు 100 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. తర్వాత దాన్ని 80కి దించి, ఐదు హాలోఅసిటిక్ ఆమ్లాల మొత్తానికి 60 అని ఇంకో హద్దు చేర్చింది.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 దారి వేరు. మొత్తానికి హద్దు లేదు, విడివిడిగా ఉంది: క్లోరోఫాం 200, బ్రోమోఫాం 100, డైబ్రోమోక్లోరోమీథేన్ 100, బ్రోమోడైక్లోరోమీథేన్ 60 మైక్రోగ్రాములు. హాలోఅసిటిక్ ఆమ్లాల ఊసే లేదు. విడివిడి హద్దుల్లో ఒక మెలిక ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా విడివిడిగానే విలువలిస్తుంది (క్లోరోఫాంకి 300, మిగిలినవి మనలాగే), కానీ ఒక్కోదాన్నీ దాని హద్దుతో భాగించి కూడితే మొత్తం 1 దాటకూడదంటుంది. ఉదాహరణకి క్లోరోఫాం 150, బ్రోమోడైక్లోరోమీథేన్ 36 వచ్చాయనుకోండి. విడిగా చూస్తే రెండూ పాసే. కూడితే 0.5 ప్లస్ 0.6, అంటే 1.1, ఫెయిల్. ల్యాబు రిపోర్టులో నాలుగు వరసల పక్కనా "హద్దులోనే ఉంది" అని చదివి ఫైలు మూసేసే ముందు ఈ చిన్న కూడిక చేస్తే బాగుంటుంది.

ఎంత భయపడాలి

ఇక్కడ నాకే కొన్ని సందేహాలున్నాయి. జంతువుల మీద పరీక్షల్లో క్లోరోఫాం ఎలుకల కాలేయంలో, మూత్రపిండాల్లో కణుతులు పుట్టించిన మాట నిజమే. కానీ ఎలుకల్లో కాలేయపు కణుతులు వచ్చింది మొక్కజొన్న నూనెలో కలిపి ఒక్కసారిగా గొంతులో పోసినప్పుడు. తాగే నీళ్లలో కలిపి ఇచ్చినప్పుడు రాలేదు. అందుకే ఆరోగ్య సంస్థ క్లోరోఫాంకి ఒక మోతాదు దాకా ముప్పు లేదన్న లెక్కతో 300 దాకా ఒప్పుకుంది. మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలుతున్నది మూత్రాశయ క్యాన్సర్ ఒక్కటే. పలు దేశాల సమాచారం కలిపి 2004లో చేసిన విశ్లేషణలో, 50 మైక్రోగ్రాములకు పైబడిన ట్రైహాలోమీథేన్ల నీళ్లు ఏళ్ల తరబడి వాడిన మగవాళ్లలో ముప్పు సుమారు 40 శాతం ఎక్కువ కనిపించింది. ఆడవాళ్లలో అంత స్పష్టంగా లేదు. ఎందుకో ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు. ఐరోపాలో 2020లో వచ్చిన లెక్క ప్రకారం ఏటా సుమారు 6,500 మూత్రాశయ క్యాన్సర్లను, అంటే దాదాపు 5 శాతాన్ని, వీటికి ముడిపెట్టవచ్చు.

ముడిపెట్టవచ్చు, అంతే. ముప్ఫై ఏళ్ల కిందట ఎవరు ఏ కుళాయి నీళ్లు ఎన్ని గ్లాసులు తాగారో అంచనా కట్టి చేసిన లెక్క ఇది. పైగా క్లోరోఫామే దోషి అని తేలలేదు. నా ఉద్దేశంలో ట్రైహాలోమీథేన్లను పొగలాగా చూడాలి. పొగ కనపడితే పొయ్యి ఎక్కడో ఉందని తెలుస్తుంది. కణాల మీద పరీక్షల్లో అసలు ఘాటైనవిగా తేలుతున్నవి నత్రజని, బ్రోమిన్, అయోడిన్ కలిసిన ఉప ఉత్పన్నాలు. ఏ నియంత్రణ పట్టికలోనూ వాటిలో చాలావాటికి చోటే లేదు.

ఇంకోవైపు తూకంలో ఏముందో మనకి బాగా తెలుసు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్. 2018 మార్చిలో గుంటూరు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల. మూడు చోట్లా అతిసారం ప్రబలింది. మురుగు కలిసిన నీళ్లు వారం రోజుల్లో చేసే పని ఏ ట్రైహాలోమీథేనూ ముప్ఫై ఏళ్లలో చెయ్యలేదు. ఈ మాట పట్టుకుని క్లోరిన్ వర్గం వాళ్లు ఒక కథ చెబుతుంటారు: 1991లో పెరూ అధికారులు క్యాన్సర్ భయంతో క్లోరిన్ ఆపేశారనీ, అందుకే కలరా వచ్చిందనీ. నేను వాళ్ల పక్షమే అయినా ఈ కథ మానేయమంటాను. తర్వాత పరిశీలించినవాళ్లకి అక్కడ కనపడింది కారే పైపులు, చాలీచాలని క్లోరిన్, డబ్బుల్లేని నీటి సంస్థలు. క్యాన్సర్ భయం ప్రధాన కారణంగా నిలబడలేదు. మన వాదన గట్టిదైనప్పుడు బలహీనమైన సాక్ష్యం తెచ్చుకోవడం దేనికి?

మే నెల చెరువు

కృష్ణా డెల్టా, సాగర్ కాలవల కింది ఊళ్లలో మంచినీళ్ల చెరువు, అధికారుల భాషలో ఎస్ఎస్ (సమ్మర్ స్టోరేజీ) ట్యాంకు, ఎలా నడుస్తుందో చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కాలవ కట్టేసే లోపు నింపుకుంటారు, మళ్లీ వదిలే దాకా ఆ నీళ్లే గతి. ఈ రెండు మూడు నెలల్లో నీళ్లకి జరిగేది గమనించండి.

మొదటిది, నీళ్లు తేటపడతాయి. మట్టి కిందకి దిగిపోతుంది. కాలవ నీళ్లు వచ్చేటప్పుడు 50 ఎన్‌టీయూ (నీళ్ల మసకను కొలిచే ప్రమాణం) ఉన్న బురద మే నాటికి 5కి వస్తుంది. పటిక వాడే ప్లాంటులో ఆపరేటర్ ఏం చేస్తాడు? జార్ టెస్టులో, అంటే జార్లలో వేర్వేరు మోతాదుల పటిక కలిపి చూసే పరీక్షలో, బురద ఎంత పోయిందనే చూస్తాడు కాబట్టి, బురదే లేనప్పుడు పటిక తగ్గిస్తాడు, ఒక్కోసారి ఆపేస్తాడు. మామూలు లెక్కలో అతని తప్పేమీ లేదు. కానీ సరిగ్గా అప్పుడే చెరువులో కషాయం చిక్కబడుతోంది. కరిగిన సేంద్రియ పదార్థాన్ని పట్టుకోగలిగే ఒక్క మెట్టునీ, అది అత్యవసరమైన నెలలోనే మూసేస్తున్నాం.

రెండోది, నాచు. పగలంతా కిరణజన్య సంయోగక్రియ కోసం నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడును లాగేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ 8.5, 9 దాకా ఎక్కుతుంది. క్లోరిన్‌లో చంపే శక్తి ఉన్నది హైపోక్లోరస్ ఆమ్లం రూపంలో. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం ఆ రూపంలో ఉంటే, 8.5 దగ్గర పదో వంతు కూడా ఉండదు, 9 దగ్గర 3 శాతమే. కాబట్టి అదే డోసు పనిచెయ్యదు, ఆపరేటర్ డోసు పెంచుతాడు. ట్రైహాలోమీథేన్లకేమో ఎక్కువ పీహెచ్ అంటేనే ఇష్టం. నీళ్లు 33 డిగ్రీల వేడిలో ఉంటే మరీ ఇష్టం. వేడి, పీహెచ్, కషాయం, పెంచిన డోసు, నాలుగూ ఒకే నెలలో కలిసొస్తాయి. నీళ్లు పొద్దున్నే, ఏడు గంటల్లోపు తోడుకుంటే పీహెచ్ కాస్త దిగి ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ మార్పుని పంపు ఆపరేటర్ డ్యూటీ టైము అడ్డుకుంటుంది, అంతే.

మూడోది అన్నిటికంటే చేటు: నాచు పట్టిందని ప్లాంటు మొగలోనే క్లోరిన్ గుమ్మరించడం. ఇది నాచు కణాలను పగలగొడుతుంది. లోపలున్నదంతా, వాసనతో సహా, నీళ్లలోకి వస్తుంది. ఫిల్టర్‌లో ముద్దగా ఆగిపోవాల్సింది కాస్తా కరిగి ఫిల్టర్ దాటిపోతుంది, క్లోరిన్‌కి మేత అవుతుంది. నెమ్మదిగా నడిచే ఇసుక ఫిల్టర్లున్న ఊళ్లో అయితే నష్టం రెండింతలు. ఆ ఫిల్టర్ పనిచేసేదే ఇసుక మీద పెరిగే జీవపొర వల్ల. దాని మీదికి క్లోరిన్ నీళ్లు వదిలితే పొర చచ్చి, మిగిలేది వట్టి ఇసుక. పొర మళ్లీ కట్టుకోవడానికి రోజులు పడుతుంది. ఈ ఫిల్టర్లకి గంటకి చదరపు మీటరుకు 100 నుంచి 200 లీటర్లే వేగం. ఎండాకాలం డిమాండు ఎక్కువని వేగం రెట్టింపు చేయడం, పైపొర ఒకటి రెండు సెంటీమీటర్లు గీకాల్సినచోట పారతో అరడుగు లాగేయడం, గీకిన మర్నాడే ఆ నీళ్లు ట్యాంకుకి ఎక్కించడం మామూలుగా జరిగే పొరపాట్లు. అలా తప్పిన శుద్ధిని చివర్లో బ్లీచింగ్ బస్తాతో సరిదిద్దాలని చూస్తారు.

సముద్రానికి దగ్గరైన ఊళ్లలో మరో సంగతి కలుస్తుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడుకు 65 మిల్లీగ్రాముల బ్రోమైడు ఉంటుంది. చెరువులోకి ఉప్పు ఊట తగిలి క్లోరైడు 250కి చేరితే, బ్రోమైడు దాదాపు 0.85 ఉండొచ్చు. క్లోరిన్ ముందు ఈ బ్రోమైడును బ్రోమిన్‌గా మారుస్తుంది, బ్రోమిన్ క్లోరిన్‌కంటే చురుగ్గా కషాయం మీద పడుతుంది. పుట్టేవి బ్రోమిన్ ట్రైహాలోమీథేన్లు, హద్దులు బిగువుగా ఉన్నవి అవే. బ్రోమైడు పరీక్ష మన జిల్లా ల్యాబుల్లో మామూలుగా చెయ్యరు. క్లోరైడు ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది. దాన్ని 290తో భాగిస్తే ఒక అంచనా వస్తుంది. ఆ క్లోరైడు మురుగు నుంచి వచ్చినదైతే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

బ్రోమైడు ఎంత చిక్కు తెస్తుందో లాస్ ఏంజిలెస్‌లో చూశారు. క్లోరిన్ వేసిన శుద్ధజలాన్ని మూతలేని రిజర్వాయర్లలో ఉంచితే, ఎండ తగిలి బ్రోమేట్ అనే హానికరమైన రసాయనం పుట్టింది. 2008లో రెండు రిజర్వాయర్లు ఖాళీ చేయాల్సొచ్చింది. మరోదాని మీద ఎండ పడకుండా లక్షల కొద్దీ నల్లటి ప్లాస్టిక్ బంతులు పోశారు.

ముందు పటిక, తర్వాత క్లోరిన్

వరస సరిచేయడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. జార్ టెస్టు అదే: ఆరు జార్లు, ఒక్కో లీటరు, నిమిషం పాటు 100 చుట్ల వేగంతో, 20 నిమిషాలు 30 చుట్లతో కలిపి, అరగంట తేరనివ్వడం. మార్చాల్సింది చివరి కొలత. బురదతోపాటు, పైతేటని వడకట్టి 254 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత శోషణ చూడాలి, కరిగిన సేంద్రియ పదార్థం ఎంతుందో చెప్పేది అదే. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర చూడగలిగే స్పెక్ట్రోఫోటోమీటర్, క్వార్ట్జ్ క్యువెట్ ఉంటే చాలు. మామూలు గాజు క్యువెట్ పెడితే గాజే ఆ కాంతిని మింగేసి అన్ని జార్లకూ ఒకే రీడింగు వస్తుంది. పటిక లీటరుకు 20 మిల్లీగ్రాముల దగ్గర బురద తగ్గుదల ఆగిపోయినా, 40, 50 దాకా శోషణ తగ్గుతూనే ఉండొచ్చు. ఎక్కడ గీత చదునవుతుందో అదీ మే నెల డోసు.

దీనికీ హద్దుంది, ఒప్పుకోవాలి. పటిక కరిగిన సేంద్రియ పదార్థాన్ని బాగా పట్టేది పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. ఒక్కో మిల్లీగ్రాము పటిక అరమిల్లీగ్రాము క్షారతను (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని) తింటుంది. మన కాలవ నీళ్ల క్షారత 150 దగ్గర ఉంటే 50 మిల్లీగ్రాముల పటిక వేసినా పోయేది 25. పీహెచ్ 7 దిగదు. అమెరికా పుస్తకాల్లో రాసినంత ఫలితం మన దగ్గర రాదు. పైగా నాచు నుంచి వచ్చిన పదార్థం ఆకు రసం కంటే తేలిక, పటికకి సరిగ్గా చిక్కదు. అయినా మేతలో మూడో వంతు ముందే తీసేస్తే క్లోరిన్ అవసరం తగ్గుతుంది, మిగులు క్లోరిన్ ఎక్కువ దూరం నిలుస్తుంది. ఉప ఉత్పన్నాలు తగ్గడం, రక్షణ పెరగడం ఒకే పనితో జరిగే చోటు ఇదొక్కటే.

నాచుకి ఏం చెయ్యాలి మరి? నీళ్లు తోడే గొట్టం నోరు ఉపరితలానికి మీటరు, మీటరున్నర కింద ఉండాలి. పైన పచ్చటి పొర, అడుగున కుళ్లు, మధ్యది కాస్త నయం. మొగలో ఆక్సీకరణ తప్పదనుకుంటే క్లోరిన్‌కి బదులు పొటాషియం పర్మాంగనేట్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు మొదలుపెట్టి చూడాలి. అది ట్రైహాలోమీథేన్లు పుట్టించదు. ఎక్కువైతే కుళాయిలో గులాబీ రంగు నీళ్లొచ్చి ఊరంతా ఫోన్లు చేస్తారు, అందుకే డోసు దగ్గర మనిషి ఉండాలి. ఇక క్లోరిన్ డోసును రెండుగా విడగొట్టాలి. ఫిల్టర్ తర్వాత కొంత, ఊళ్లోని ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర మిగతాది. ప్లాంటులోనే లీటరుకు 4 మిల్లీగ్రాములు కొట్టి, 30 కిలోమీటర్లు నడిపించి, చివరి ఇంట్లో 0.2 మిగలాలని ఆశపడితే మొదటి ఊరు బ్లీచింగ్ తాగుతుంది, ఆఖరి ఊరు ఉప ఉత్పన్నాలు తాగుతుంది.

బస్తా మీద రాసింది, బస్తాలో ఉన్నది

ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ చాలా ఊళ్లలో డోసు తప్పేది ఇక్కడే. 60 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకి 2 మిల్లీగ్రాముల డోసు కావాలంటే 120 గ్రాముల క్లోరిన్ కావాలి. బస్తా మీద రాసిన 33 శాతం నిజమైతే 360 గ్రాముల పౌడర్ చాలు. మూతి విప్పి రెండు వానలు చూసిన బస్తాలో 20 శాతమే ఉంటే 600 గ్రాములు. పంచాయతీలో ఎవరూ దాన్ని పరీక్షించరు కాబట్టి "గుప్పెడు ఎక్కువే వెయ్" అనేది సూత్రం. కొత్త బస్తా తెరిచిన రోజున కూడా అదే గుప్పెళ్లు. ఆ రోజే కుళాయి దగ్గర ముక్కు పగులుతుంది, ఆ రోజే వాట్సాప్‌లో మెసేజీ. పౌడర్‌ని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే, ట్యాంకు నిండుతున్నప్పుడు పోయాలి. నిండాక పోస్తే కలవదు.

ద్రవరూపంలోని సోడియం హైపోక్లోరైట్ తేలిక అనుకుని దానికి మారుతున్న చోట్ల ఇంకో ఉప ఉత్పన్నం చెప్పకుండా వస్తోంది: క్లోరేట్. ఇది నీళ్లలో పుట్టదు, డబ్బాలోనే పుడుతుంది. పది డిగ్రీలు పెరిగితే హైపోక్లోరైట్ క్షీణించే వేగం మూడు నాలుగు రెట్లవుతుంది. రేకుల షెడ్డులో మే నెలంతా ఉన్న డబ్బాలో క్లోరిన్ తగ్గి క్లోరేట్ పెరుగుతుంది. క్లోరిన్ తగ్గిందని ఆపరేటర్ ఇంకో లీటరు పోస్తాడు, క్లోరేటూ దాంతోపాటే పోతుంది. వచ్చిన రోజే సగానికి సగం నీళ్లు కలిపి ఉంచితే క్షీణించే వేగం దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. కఠినజలం కలిపితే సున్నం పొర కట్టి డోసింగ్ పంపు మూసుకుపోతుంది, మెత్తని నీళ్లే వాడాలి. నెల కంటే ఎక్కువ నిల్వ తెప్పించకపోవడం అన్నిటికంటే మేలు. ఆరోగ్య సంస్థ క్లోరేట్‌కి 0.7 మిల్లీగ్రాముల విలువ పెట్టింది. మన ఐఎస్ 10500లో ఆ వరస లేదు.

నెదర్లాండ్స్‌లో లేదుగా!

ఈ చర్చలో తప్పక వచ్చే ప్రశ్న ఇది. ఆమ్‌స్టర్‌డామ్ కుళాయిలో క్లోరిన్ ఉండదు, వాళ్లకేం కాలేదు కదా? నిజమే. రూక్ పుట్టించిన ప్రశ్నకి ఆ దేశం చివరికి క్లోరిన్ మానేసి జవాబు చెప్పింది. అయితే ముందు కషాయాన్ని దాదాపు పూర్తిగా తీసేసి, పైపుల్లో 24 గంటలూ ఒత్తిడి నిలిపి, లీకులు అతి తక్కువకి తెచ్చుకున్నాక మానేసింది. మన దగ్గర రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లొస్తాయి. మిగతా సమయమంతా పైపు ఖాళీ, పక్కన మురుగు కాలవ. నీళ్లు ఆగినప్పుడు పైపు పీల్చుకునేది దాన్నే. మిగులు క్లోరిన్ లేకుండా ఆ పైపుని ఒక్కరోజు కూడా నమ్మలేం.

క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి క్లోరమీన్ చేస్తే ట్రైహాలోమీథేన్లు పడిపోతాయి, అమెరికాలో చాలా నగరాలు చేసిన పని అదే. వాషింగ్టన్ 2000 నవంబరులో మారింది. పైపుల లోపల సీసం మీద ఏళ్లుగా గట్టిగా పట్టి ఉన్న ఆక్సైడు పొరని క్లోరిన్ నిలబెడుతూ వచ్చింది, క్లోరమీన్ నిలబెట్టలేదు. పొర కరిగి సీసం కుళాయిలోకొచ్చింది. ఓజోన్ వేస్తే బ్రోమైడు ఉన్న నీళ్లలో బ్రోమేట్. క్లోరిన్ డయాక్సైడ్ వేస్తే క్లోరైట్. అతినీలలోహిత కాంతితో శుద్ధి చేస్తే పైపుల్లో కాపు కాసే మిగులే ఉండదు. ప్రతిదానికీ ఓ ధర ఉంది.

అన్నిటికంటే నాకు ఎక్కువ చెప్పేది అమెరికాలోని ఫ్లింట్ నగరం. సీసం కథగానే అందరికీ గుర్తు. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి నది నీళ్లకి మారారు. ఎండాకాలం చివర్లో పైపుల్లో మల బాక్టీరియా కనపడింది, క్లోరిన్ పెంచారు. సేంద్రియ పదార్థం నిండిన నది నీళ్లకి పెంచిన క్లోరిన్ తోడై ట్రైహాలోమీథేన్లు హద్దు దాటాయి, 2015 జనవరిలో జనానికి నోటీసు ఇవ్వాల్సొచ్చింది. అదే సమయంలో తుప్పు పట్టిన ఇనుప పైపులు క్లోరిన్‌ని మింగేసి, ఊళ్లో మరోచోట అసలు క్లోరిన్ మిగల్లేదు. నీళ్ల తుంపరలోని బాక్టీరియాతో వచ్చే న్యుమోనియా, లీజనేర్స్ వ్యాధి, ప్రబలి పన్నెండు మంది పోయారు. ఉప ఉత్పన్నాలు ఎక్కువ, క్లోరిన్ తక్కువ, ఒకే ఊళ్లో, ఒకే కాలంలో. డోసు పెంచాలా తగ్గించాలా అని కొట్టుకునేవాళ్లకి ఆ ఊళ్లో జవాబు దొరకదు.

ఇంట్లో

ఆర్వో మిషను అమ్మేవాడి చేతిలో ఉండే టీడీఎస్ మీటరు ట్రైహాలోమీథేన్లను చూడలేదు. అది లవణాలనే కొలుస్తుంది. క్లోరోఫాంలాంటి చిన్న, విద్యుదావేశం లేని అణువుని ఆర్వో పొర కూడా నమ్మకంగా ఆపదు. ఆ పని చేసేది దానికి ముందున్న కార్బన్ గొట్టం. కార్బన్ క్లోరిన్‌ని నెలల తరబడి తీస్తుంది గానీ, క్లోరోఫాంకి దాని సామర్థ్యం చాలా తక్కువ, ముందే నిండిపోతుంది. ఫిల్టర్ నీళ్లలో బ్లీచింగ్ వాసన లేదు కాబట్టి బాగా పనిచేస్తోందనుకోవడం సరికాదు. కంపెనీ చెప్పిన గడువుకి కాకుండా దానికి ముందే మార్చాలి.

మరిగించడం ఇప్పటికీ మంచి పద్ధతే. మూత తీసి ఐదు నిమిషాలు తెర్లనిస్తే ట్రైహాలోమీథేన్లలో చాలావరకు ఎగిరిపోతాయి. హాలోఅసిటిక్ ఆమ్లాల్లో కొన్ని అలాగే ఉండిపోతాయి. రాత్రంతా బిందె మూత తీసి పెడితే క్లోరిన్ పోతుంది, ఇక ఆ బిందెలో చెయ్యి ముంచినవాళ్లదే భారం. కుళాయి ఉన్న పాత్రలో పోసుకోండి. మరో దారి మనం మర్చిపోయేది: ట్రైహాలోమీథేన్లు ఆవిరితో ఊపిరిలోకి, చర్మంలోకి కూడా వెళ్తాయి. వేడినీళ్ల షవర్ తర్వాత రక్తంలో వాటి స్థాయి పెరగడం కొలిచి చూశారు. బకెట్టూ చెంబూ స్నానంలో తుంపర తక్కువ. బాత్రూం కిటికీ తెరిచి ఉంచితే ఇంకా తక్కువ. మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్లు రెండు రోజులు మగ్గితే, క్లోరిన్ మిగిలున్నంత సేపూ ఆ తయారీ ఆగదు.

అపార్టుమెంటు వాళ్లు కలిసి ఒకసారి పరీక్ష చేయిద్దామనుకుంటే, మే నెలలో, లైను చివరి ఇంట్లో, సాయంత్రం పట్టండి. జనవరిలో ప్లాంటు గేటు దగ్గర పట్టిన శాంపిలు అతి తక్కువ చూపిస్తుంది. మంచినీళ్ల సీసాలో పట్టకూడదు. ల్యాబు ఇచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో ముందే క్లోరిన్‌ని ఆపే సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది, దాన్ని కడిగెయ్యొద్దు. కడిగేస్తే ల్యాబుకి చేరేదాకా దారి పొడవునా క్లోరోఫాం తయారవుతూనే ఉంటుంది. కుళాయి సన్నగా తిప్పి, నురగ రాకుండా, అంచు మీద నీళ్లు ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి, మూత బిగించి తలకిందులు చెయ్యండి. గాలి బుడగ కనపడితే క్లోరోఫాం అందులోకి చేరుకుంటుంది, రిపోర్టులో తక్కువ వస్తుంది. ఆ సీసా పారేసి ఇంకొకటి పట్టండి. ఐసు పెట్టెలో పెట్టి పంపండి.